తుపాకి లైసెన్సు కేసు గెలిచినా తీరని నష్టం

సంపాదకులు గారికి నమస్కారాలు.

అమెరికాలో తుపాకుల చట్టాల మీద అక్కడి సుప్రీంకోర్టు ఇచ్చే తీర్పుల గురించి మన పత్రికల్లో వ్యాసాలు వస్తూనే ఉంటాయి. వాటిలో హక్కుల గురించి ఉంటుంది, కాల్పుల్లో పోయిన ప్రాణాల గురించి ఉంటుంది, అక్కడి రెండు పార్టీల తగవు గురించి ఉంటుంది. ఆ కేసు వేసిన మనిషి ఎవరు, వేయకముందు ఏం చేసుకుని బతికేవాడు, వేసిన తర్వాత అతని సంసారం ఏమైంది అన్న సంగతి మాత్రం ఎక్కడో గాని కనిపించదు. నేను నెల్లూరులో న్యాయవాదుల దగ్గర చాలాకాలం గుమాస్తాగా పనిచేసి, ఇప్పుడు వింజమూరులో స్థిరపడినవాణ్ణి. భూమి తగాదాలు, చెక్కు కేసులు, మనోవర్తి దావాల మధ్య అరుదుగానైనా తుపాకి లైసెన్సుల కాగితాలు కూడా నా చేతుల మీదుగా నడిచాయి. స్థానికంగా ఒక అధికారి ఇచ్చిన ఆయుధాల ఉత్తర్వు తప్పని కోర్టుకు వెళ్లిన సామాన్యుడు ఏమేం పోగొట్టుకుంటాడో దగ్గరగా చూశాను కనుక, ఆ విషయం మీ పాఠకుల ముందు, వీలైతే అధికారుల ముందు పెట్టాలని ఈ లేఖ రాస్తున్నాను.

ముందుగా ఒక మాట స్పష్టం చేయాలి. ఇంటింటికీ తుపాకి ఉండాలని కోరేవాణ్ణి నేను కాను. లైసెన్సు లేని ఆయుధాల మీద 2023 ఫిబ్రవరిలో విచారణ జరుపుతూ మన సుప్రీంకోర్టు, అమెరికా రాజ్యాంగంలో ఉన్నటువంటి ఆయుధ హక్కును మన రాజ్యాంగ నిర్మాతలు ఎవరికీ ఇవ్వలేదని గుర్తుచేసింది. ఆ మాట నాకు పూర్తిగా సమ్మతమే. పెళ్లి ఊరేగింపుల్లో సంబరానికి కాల్చడాన్ని ప్రత్యేక నేరం చేస్తూ, ఒక్కరి దగ్గర ఉండదగిన తుపాకులను మూడు నుంచి రెండుకు తగ్గిస్తూ 2019లో పార్లమెంటు చేసిన సవరణను కూడా నేను మంచిదనే అంటాను. కడప సరిహద్దు పల్లెల్లో పుట్టి పెరిగినవాళ్లకు పగల గురించి, ఆయుధాల గురించి ఇంకొకరు చెప్పవలసిన పని లేదు. చట్టం కఠినంగా ఉందని నా బాధ కాదు. ఆ చట్టమే పౌరుడికి కల్పించిన రక్షణను అడగబోయిన మనిషి, అడిగిన పాపానికి చితికిపోవడం నా బాధ.

1878లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన ఆయుధాల చట్టం భారతీయుడిని నమ్మకూడదన్న తలంపు మీద నిలబడింది. దాన్ని తొలగించి మనం చేసుకున్న 1959 చట్టం 1962 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఈ చట్టంలో అధికారికి ఎంత విచక్షణ ఇచ్చారో, పౌరుడికి అంతగా కాకపోయినా కొంత ఆధారం కూడా ఇచ్చారు. దరఖాస్తుదారుకు తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించకూడదని 14వ సెక్షన్ చెబుతుంది. నిరాకరిస్తే కారణాలు రాతలో నమోదు చేయాలి, అడిగితే ఇవ్వాలి, అవి చెప్పడం ప్రజాహితానికి భంగమని అధికారి భావిస్తే తప్ప. ఉన్న లైసెన్సును నిలిపివేయడానికీ రద్దు చేయడానికీ 17వ సెక్షన్ కింద అధికారం ఉంది, అక్కడ కూడా కారణాలు రాయాలి. 18వ సెక్షన్ కింద పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. కాగితం మీద ఇవన్నీ సక్రమంగానే ఉన్నాయి. అయితే అదే 18వ సెక్షన్‌లో మరొక నిబంధన ఉంది: అప్పీలు తేలేవరకూ, పై అధికారి వేరుగా ఆదేశిస్తే తప్ప, కింది అధికారి ఉత్తర్వు అమల్లోనే ఉంటుంది. మామూలు చదువరికి ఈ నిబంధన పెద్దగా పట్టకపోవచ్చు. తుపాకి మీద జీతం ఆధారపడినవాడికి మాత్రం శిక్ష ఆ వాక్యం దగ్గరే మొదలవుతుంది.

మా వైపు మెట్ట పల్లెల నుంచి, పక్కనున్న ప్రకాశం ప్రాంతపు పడమటి మండలాల నుంచి సైన్యంలోకి వెళ్లినవాళ్లు చాలామంది ఉన్నారు. పదవీ విరమణ చేసి వచ్చేసరికి వయసు ఇంకా మిగిలే ఉంటుంది, పిల్లల చదువులు నడుస్తూ ఉంటాయి, పింఛను చాలదు. డబుల్ బ్యారెల్ పన్నెండు బోరు తుపాకికి లైసెన్సు తీసుకుని, నెల్లూరు, ఒంగోలు, విజయవాడలలో సాయుధ కాపలాదారుగా చేరడం వాళ్లకు తెలిసిన దారి. తుపాకి, లైసెన్సు ఉన్నవాడికి ఒక జీతం, లేనివాడికి ఇంకొక జీతం. అటువంటి ఒక మాజీ సైనికుడి సంగతి చెబుతాను. ఆయన ఊరు గాని, సంవత్సరం గాని, ఉత్తర్వు ఇచ్చిన కార్యాలయం గాని రాయడం లేదు, ఎందుకంటే ఆయన ఇప్పటికే కావలసినంత బయటపడ్డాడు.

ఆయనకు దాయాదులతో గట్టు తగాదా ఉండేది. ఒకసారి మాటామాటా పెరిగాక అవతలివాళ్లు స్టేషన్‌కు వెళ్లి, తుపాకి ఉందన్న ధీమాతో బెదిరించాడని ఫిర్యాదు ఇచ్చారు. ఆ గొడవ జరిగిన పూట ఆయన తుపాకి పనిచేసే చోట, యజమాని బీరువాలో తాళం కింద ఉంది. తుపాకి చూపించాడని ఫిర్యాదులో కూడా ఎవరూ రాయలేదు. అయినా కేసు నమోదైంది, స్టేషన్ నుంచి నివేదిక వెళ్లింది, ప్రజాశాంతి దృష్ట్యా లైసెన్సు రద్దు చేసినట్టు ఉత్తర్వు వచ్చింది. ఆయన్ను పిలిచి ఏం చెప్పుకుంటావని అడగలేదు. ప్రజాశాంతికి ఆయన వల్ల వచ్చిన ముప్పు ఏమిటో ఆ ఉత్తర్వులో లేదు. క్రిమినల్ కేసు ఒకటి నడుస్తూ ఉన్నంత మాత్రాన లైసెన్సు రద్దు చేయరాదని, శాంతికి నిజంగా భంగం ఎలా కలుగుతుందో అధికారి చెప్పి తీరాలని హైకోర్టులు అనేకసార్లు అన్నాయి. 1998లో రామ్ మురళి మధుకర్ కేసులో అలహాబాద్ హైకోర్టు చెప్పిందీ అదే. ఆ మాట ఉత్తర్వు తయారుచేసే బల్ల దాకా ఎందుకు రాదో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

లైసెన్సు పోయిన తర్వాత తుపాకి ఇంట్లో ఉండటం నేరం. లైసెన్సు లేకుండా ఆయుధం ఉంచుకున్నందుకు 2019 సవరణ తర్వాత కనీస శిక్షే రెండేళ్లు. అందుకని ఆయన వెంటనే స్టేషన్‌లో అప్పగించి రసీదు తీసుకున్నాడు. తుపాకి లేని సాయుధ కాపలాదారును ఏ యజమాని ఉంచుకుంటాడు? నెల తిరిగేలోగా ఆ ఉద్యోగంలో ఇంకొకరు చేరారు. ఆ యజమానిని నేను తప్పుపట్టను. గోదాముకు కాపలా కావాలి కదా. ఆయన మాత్రం కోర్టు ఖర్చులు మొదలుకావడానికి ముందే ఆదాయం పోగొట్టుకున్నాడు. కేసు ఖర్చు అనగానే అందరూ వకీలు ఫీజు గురించే ఆలోచిస్తారు గాని, ఈ రకం కేసుల్లో అసలు నష్టం ఫీజు కట్టడానికి ముందే మొదలవుతుంది.

అప్పీలు వేశాడు. చాలాకాలం దాకా అది ఏ దశలో ఉందో చెప్పేవారు లేరు. చివరికి ప్రభుత్వ ఉత్తర్వు చెల్లదని రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ వేయాలని నిశ్చయించుకున్నాడు. 2019 జనవరి 1న మన హైకోర్టు అమరావతికి వచ్చింది గనుక హైదరాబాదు ప్రయాణం తప్పిందన్న మాట నిజమే, కానీ వెలిగొండ కొండల పాదంలో ఉన్న పల్లె నుంచి ఇప్పుడు కోర్టు ఉన్న నేలపాడు కూడా తక్కువ దూరం కాదు. ముందు కావలికో నెల్లూరుకో చేరాలి, అక్కడి నుంచి రైల్లో విజయవాడ, మళ్లీ అక్కడి నుంచి బస్సో ఆటోనో. వాయిదాకు కక్షిదారు రానవసరం లేదని వకీళ్లు చెబుతారు, అది నిజమే. బతుకు ఒక కాగితం మీద వేలాడుతున్నవాడు ఇంట్లో కూర్చోలేక వెళ్తాడు. కేసు పిలవకుండానే కోర్టు లేచిపోయిన సాయంత్రాలు, ప్రభుత్వ వకీలు కౌంటరు, అంటే జవాబు, వేయడానికి గడువు అడిగిన సాయంత్రాలు ఆయన తిరుగు రైల్లో ఏం ఆలోచించి ఉంటాడో నేను ఊహించగలను.

ఇంకొక ఖర్చు ఉంది, బయటివాళ్లకు తెలియనిది. స్టేషన్ రికార్డు తెలుగులో ఉంటుంది, తహసీల్దారు నివేదిక తెలుగులో ఉంటుంది, గ్రామ పెద్దల వాంగ్మూలాలు తెలుగులో ఉంటాయి. హైకోర్టు కోసం వాటన్నిటికీ ఇంగ్లీషు అనువాదం జతచేయాలి; ఆ పనికి పేజీ లెక్కన చెల్లించాలి. ఆయన ప్రమాణపత్రం కూడా ఇంగ్లీషులోనే తయారైంది. తన బతుకు గురించి తాను చేసిన ప్రమాణాన్ని తాను చదువుకోలేక, తెలుగులో చదివి వినిపించగా అర్థం చేసుకుని సంతకం చేశానన్న వాక్యం కింద సంతకం పెట్టాడు. అటువంటి సంతకాలు ఎన్నో దగ్గరుండి పెట్టించినవాణ్ణి నేను. ఆ సమయంలో మనిషి ముఖంలో ఉండే బెరుకు నాకు బాగా తెలుసు.

డబ్బు సంగతి ఎలాగో సర్దుకుంటుంది, రెండెకరాలు కౌలుకిచ్చో, బంగారం కుదువబెట్టో. సర్దుకోనిది ఊళ్లో మర్యాద. తుపాకి కేసు అనే మాట పల్లెలో చెవుల వెంట నడిచి మారిపోతుంది. లైసెన్సు రద్దును ప్రశ్నిస్తూ తానే వేసుకున్న రిట్ కాస్తా, తుపాకితో దొరికిపోయి పెట్టించుకున్న కేసుగా మారింది. విచారణ పేరుతో కానిస్టేబులు వచ్చి ఇరుగుపొరుగు వాళ్లను ఇతను ఎలాంటివాడని అడిగి వెళ్లిన ప్రతిసారీ, అడగడమే ఒక నింద అయింది. కూతురి సంబంధం మాట్లాడబోయిన వాళ్లు వెనక్కి తగ్గారు. కారణం చెప్పలేదు, చెప్పనక్కరా లేదు. కొడుకు పాస్‌పోర్టు విచారణకు స్టేషన్‌కు వెళ్లాలంటే ఇల్లంతా భయపడింది. ప్రభుత్వం మీద కేసు వేసినవాడు కాబట్టి రేపు ఏ చిన్న గొడవ జరిగినా బైండోవర్ చేస్తారేమోనని, జాతరకు కూడా వెళ్లకుండా ఇంట్లోనే ఉండిపోయాడు. దేశ సరిహద్దులో ప్రభుత్వం ఇచ్చిన ఆయుధంతో నిలబడిన మనిషిని, పదవీ విరమణ తర్వాత ప్రమాదకరమైన మనిషిగా ఊరు చూడటం ఎంత అవమానమో ఆయన భార్య చెబుతుంటే వినలేకపోయాను.

చివరికి గెలిచాడు. ఆయన వాదన వినకుండా, కారణాలు చెప్పకుండా ఇచ్చిన ఉత్తర్వు చెల్లదని కోర్టు దాన్ని కొట్టివేసింది. అయితే కొట్టివేసి లైసెన్సు చేతికి ఇవ్వలేదు. ఇటువంటి కేసుల్లో సాధారణంగా ఇవ్వరు కూడా. ఆయనకు అవకాశమిచ్చి, చట్టప్రకారం మళ్లీ పరిశీలించి తగిన ఉత్తర్వు ఇవ్వాలని అధికారికి తిప్పి పంపింది. మళ్లీ నోటీసు, మళ్లీ విచారణ, మళ్లీ స్టేషన్ నివేదిక. తీర్పు చివర, మన రిట్ తీర్పుల చివర అలవాటుగా ఉండే వాక్యమే ఉంది: ఖర్చుల విషయంలో ఎలాంటి ఉత్తర్వూ లేదు. తప్పు ఉత్తర్వు ఇచ్చినవారు తమ జేబు నుంచి గాని ప్రభుత్వ ఖజానా నుంచి గాని ఏమీ చెల్లించనవసరం లేదు. సద్బుద్ధితో చేసిన పనికి ఎవరి మీదా దావా వేయరాదని ఆయుధాల చట్టం 40వ సెక్షన్ ఎటూ రక్షణ ఇస్తుంది. ఆ రక్షణ అవసరమే, లేకపోతే ఏ అధికారీ సంతకం చేయడు. కానీ నష్టం ఒకటి జరిగిందని అందరూ ఒప్పుకున్నాక, అది పూర్తిగా నష్టపోయినవాడి మీదే మిగిలిపోవడం న్యాయమని నేను అనుకోలేను. స్టేషన్‌లో నూనె పూత లేక తుప్పుపట్టిన తుపాకి తిరిగి చేతికి వచ్చేసరికి, కాపలా ఉద్యోగానికి తీసుకునే వయసు ఆయనకు దాటిపోయింది.

ఇది మన దేశానికే ప్రత్యేకమా అన్న అనుమానంతో నేను అమెరికా కేసుల వెనుక మనుషుల గురించి చదివాను. అక్కడ ఆయుధం రాజ్యాంగ హక్కు, ఇక్కడ కాదు. రెండింటినీ ఒకే తూకంలో వేయడం సరికాదని తెలుసు. కేసు వేసినవాడి యాతన మాత్రం చాలా దగ్గరగా కనిపించింది. వాషింగ్టన్ నగరం 1976 నుంచి ఇళ్లలో పిస్తోళ్లను దాదాపు నిషేధించింది. 2003లో ఆరుగురు నివాసులు ఆ చట్టాన్ని సవాలు చేశారు. కేసుకు మొదటి పేరు షెల్లీ పార్కర్ అనే మహిళది. తన వీధిలో మాదకద్రవ్యాలు అమ్మేవాళ్లను ఎదిరించి బెదిరింపులకు గురైన మనిషి ఆమె. 2007లో అప్పీలు కోర్టు, లైసెన్సుకు దరఖాస్తు పెట్టి తిరస్కరణ పొందినవాడు డిక్ హెల్లర్ ఒక్కడే కాబట్టి కేసు నడిపే అర్హత అతనికే ఉందని తేల్చింది. మిగిలిన అయిదుగురి పేర్లూ పక్కకు పోయాయి. హెల్లర్ కూడా మన మాజీ సైనికుడి వంటి సాయుధ కాపలాదారే. పనిచేసే ప్రభుత్వ భవనంలో తుపాకి ధరిస్తాడు, ఇంటికి వచ్చాక ఉంచుకోరాదు. 2008 జూన్ 26న అయిదుగురు న్యాయమూర్తులు అతని వైపు, నలుగురు వ్యతిరేకంగా తీర్పు చెప్పారు. ఆ తీర్పు పట్టుకుని అతను తన పిస్తోలు నమోదు చేయించుకోవడానికి వెళితే, కింది వైపు నుంచి గుళ్లు నింపే పిస్తోలు నగర చట్టం ప్రకారం మెషిన్ గన్ కిందకు వస్తుందని ఒప్పుకోలేదు. అతను చిన్న రివాల్వరుతో సరిపెట్టుకుని, నగరం కొత్తగా పెట్టిన నియమాల మీద మళ్లీ కోర్టుకు ఎక్కవలసి వచ్చింది. ఆ కేసులు 2011లోనూ 2015లోనూ అప్పీలు కోర్టులో నడుస్తూనే ఉన్నాయి.

అక్కడికీ మనకూ ఒక పెద్ద తేడా ఉంది. పౌరహక్కుల కేసుల్లో గెలిచినవారి వకీళ్ల ఫీజును ఓడిన ప్రభుత్వం చేత కట్టించే చట్టం అక్కడ ఉంది. హెల్లర్ కేసులో వాషింగ్టన్ నగరం 11 లక్షల డాలర్లకు పైగా చెల్లించాలని 2011 చివర కోర్టు ఆదేశించింది. కేసు నడిచిన కాలంలో ఖర్చు భరించింది రాబర్ట్ లెవీ అనే సంపన్న న్యాయవాది; ఆయనే లేకపోతే ఒక కాపలాదారు జీతం మీద అంత దూరం వెళ్లడం అసాధ్యం. ఆ ఏర్పాటు కూడా పూర్తి రక్షణ కాదు. లైసెన్సు ఉన్న పిస్తోలును నగరం దాటించి తీసుకెళ్లకుండా న్యూయార్క్ పెట్టిన నియమం మీద 2019 జనవరిలో సుప్రీంకోర్టు విచారణకు ఒప్పుకోగానే, నగరం ఆ నియమాన్ని మార్చేసింది. ఇక తేల్చవలసిందేమీ లేదని 2020 ఏప్రిల్‌లో కేసు ముగించారు. అటువంటి సందర్భాల్లో, తీర్పు రాకుండానే ప్రభుత్వం దారికొస్తే, కేసు వేసినవారిని ఫీజు విషయంలో గెలిచినవారిగా లెక్కించనవసరం లేదని అక్కడి సుప్రీంకోర్టు 2001లోనే చెప్పింది. షికాగోలో 1982 నాటి పిస్తోళ్ల నిషేధాన్ని సవాలు చేసిన ఓటిస్ మెక్‌డొనాల్డ్ ఇంట్లో పలుమార్లు దొంగలు పడ్డారు. 2010లో తీర్పు వచ్చేనాటికి ఆ విశ్రాంత కార్మికుడికి 76 ఏళ్లు. తర్వాత నాలుగేళ్లకే ఆయన కన్నుమూశాడు. ఆ తీర్పు వల్ల దేశమంతటికీ చట్టం మారింది, ఆయనకు మిగిలిన కాలం మాత్రం అదే.

న్యూయార్క్‌లో జరిగినట్టు ప్రశ్న తేలకుండానే కేసు ముగిసిపోవడం మనకు ఎన్నికల వేళ కనిపిస్తుంది. 2024లో మార్చి 16న ఎన్నికల షెడ్యూలు ప్రకటించారు, జూన్ 4న ఓట్లు లెక్కించారు. ఇటువంటి కాలమంతా లైసెన్సు తుపాకులు స్టేషన్లలో ఉంచాలన్న ఆదేశాలు రావడం మన రాష్ట్రంలో అందరికీ తెలిసిందే. ఎన్నికల సంఘం చెప్పింది మాత్రం, జిల్లా స్థాయిలో పరిశీలనా సంఘం వేసి, బెయిలు మీద ఉన్నవారు, నేరచరిత్ర ఉన్నవారు, గత ఎన్నికల్లో అల్లర్లకు దిగినవారు వంటివారి లైసెన్సులను విడివిడిగా పరిశీలించి నిర్ణయించాలని. ఎవరినీ చూడకుండా అందరికీ ఒకే ఉత్తర్వు ఇవ్వడం కుదరదని బొంబాయి, అలహాబాద్ హైకోర్టులు చెప్పాయి. బ్యాంకు కాపలాదారులకు మినహాయింపు ఉంది. గోదాము, నగల దుకాణం, పెట్రోలు బంకు కాపలాదారులు తమ సంగతి తాము చెప్పుకోవాలి. చెప్పుకున్నా వినకపోతే రిట్ వేయాలి. ఆ రిట్ విచారణకు వచ్చేసరికి ఎన్నిక ముగుస్తుంది, తుపాకులు తిరిగి ఇచ్చేస్తారు, కేసు నిష్ఫలమైందని మూసివేస్తారు. రెండు మూడు నెలల జీతం, వకీలు ఫీజు రెండూ పోతాయి, ప్రశ్న మాత్రం తేలదు. అయిదేళ్ల తర్వాత అదే ఆదేశం అదే మాటలతో మళ్లీ వస్తుంది. అందుకే ఎవరూ అడగరు. ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదని ఆఫీసుల్లో అనుకుంటారు.

అడగడం ఇంత భారమైనప్పుడు జనం ఏం చేస్తారో సీతారామపురం, ఉదయగిరి, మర్రిపాడు వైపు రాత్రిపూట చేల వెంట తిరిగినవారికి తెలుస్తుంది. అడవి పందులు వేరుశనగను, మొక్కజొన్నను ఒక్క రాత్రిలో దున్నినట్టు చేసిపోతాయి. పంట రక్షణకు మూతి నుంచి మందు దట్టించే తుపాకికి లైసెన్సు ఇవ్వాలని ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లోనే ఉంది. లైసెన్సు దొరికినా పందిని కాల్చడానికి వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షన్ కింద అటవీశాఖ అనుమతి వేరుగా కావాలి. ఆ రెండూ ఉండటం సబబే. అడవి జంతువును ఎవరు పడితే వారు చంపకూడదు. కానీ దరఖాస్తుకు జవాబే రాకపోతే, తిరస్కరణకు కారణమే చెప్పకపోతే, అప్పీలంటే పై చెప్పిన యాతనంతా పడాలంటే, ఎకరా రెండెకరాల రైతు ఆ దారిన వెళ్లడు. కొందరు మంచె మీద కూర్చుని కేకలు వేసి, టపాకాయలు కాల్చి రాత్రంతా మేలుకుంటారు. కొందరు చేను చుట్టూ కరెంటు తీగ లాగుతారు, దాని మీద కాలు వేసి తెల్లవారకముందే మనుషులు చనిపోయిన వార్తలు మీ పత్రికలోనే వస్తుంటాయి. కొందరు నాటు తుపాకి కొంటారు. దొరికితే కనీసం రెండేళ్ల జైలు. కారణాలు రాయని ఒక్క ఉత్తర్వు వల్ల ఎవరికీ ఏ ప్రమాదమూ రాదనుకునేవారు ఈ పల్లెలను చూడాలి. చట్టబద్ధంగా అడిగే దారిని అంత కష్టం చేసి పెడితే, చట్టం అడ్డుకోదలచిన ఆయుధాలే చేలల్లోకి వస్తాయి.

అందుచేత నేను కోరేది లైసెన్సుల సంఖ్య పెంచమని కాదు. నిరాకరించేటప్పుడు, రద్దు చేసేటప్పుడు కారణాలు అడిగించుకోకుండా ఉత్తర్వుతోపాటే, తెలుగులో ఇవ్వాలి. రద్దుకు ముందు మనిషిని పిలిచి వినాలి. వెంటనే ప్రమాదం ఉందనుకుంటే తుపాకిని ముందు స్టేషన్‌లో పెట్టించి, తర్వాతైనా వెంటనే వినాలి. పోలీసు నివేదికకు, అధికారి నిర్ణయానికి 2016 నియమాల్లో గడువులు ఉన్నాయి. అప్పీలుకు కూడా ఒక గడువు పెట్టి, అది దాటితే ఉత్తర్వు అమలు ఆగేట్టు చేయాలి. ఉద్యోగం పోయాక వచ్చే న్యాయం ఉద్యోగాన్ని తిరిగి తేలేదు. వాదన వినకుండా ఇచ్చిన ఉత్తర్వును కొట్టివేసిన ప్రతిసారీ, కనీసం అనువాదానికీ ప్రయాణానికీ సరిపడే ఖర్చును ఆ శాఖ నుంచి ఇప్పించాలని హైకోర్టు వారికి పాఠకుడిగా నా విన్నపం. ఎవరినో శిక్షించాలని ఇది అడగడం లేదు. ఒకసారి ఖజానా నుంచి డబ్బు చెల్లిస్తే, తర్వాతి ఉత్తర్వు రాసేవారు కారణం రాయడానికి కొంత సమయం తీసుకుంటారని నా నమ్మకం.

ఇవన్నీ జరగడానికి కాలం పడుతుంది. వెంటనే చేయదగినది ఒకటి ఉంది. సైనికులకు, మాజీ సైనికులకు, వారి కుటుంబాలకు ఉచిత న్యాయసహాయం కోసం జాతీయ న్యాయసేవాధికార సంస్థ 2025 జులైలో వీర్ పరివార్ సహాయత యోజన ప్రారంభించింది. సైనిక బోర్డుల దగ్గరే న్యాయసహాయ కేంద్రాలు నడపడం అందులో ముఖ్యమైన ఏర్పాటు. మా జిల్లాలో ఆ కేంద్రానికి వచ్చే మాజీ సైనికులకు భూమి తగాదాలతోపాటు ఆయుధ లైసెన్సు అప్పీళ్లకు కూడా కాగితాలు రాసి, అనువాదాలు చేయించి ఇచ్చే ఏర్పాటు చేయాలని జిల్లా న్యాయసేవాధికార సంస్థను కోరుతున్నాను. కాగితాల పని నాకు తెలుసు; వారానికి ఒక పూట అక్కడ కూర్చుని ఆ పని జీతం లేకుండా చేయడానికి నేను సిద్ధంగా ఉన్నాను. పైన చెప్పిన కుటుంబాన్ని ఎవరూ గుర్తుపట్టకూడదు కాబట్టి నా పేరు ప్రచురించవద్దని మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత న్యాయవాద గుమాస్తా,
వింజమూరు, నెల్లూరు జిల్లా.